అరవై మాటల అనుమతి: ఉగ్రవాదంపై అమెరికా పోరు గురించిన వాదన ఎక్కడ చిక్కుపడింది?

2025 సెప్టెంబరు 2న కరేబియన్ సముద్రంలో వెళ్తున్న ఒక మోటారు పడవను అమెరికా సైన్యం పేల్చివేసింది. పడవలోని 11 మంది చనిపోయారు. వాళ్లు వెనిజులాకు చెందిన ‘ట్రెన్ దె అరాగువా’ ముఠా సభ్యులనీ, మత్తుపదార్థాలు తరలిస్తున్నారనీ, ఆ ముఠా ఉగ్రవాద సంస్థ గనుక దాడి సబబేననీ అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించారు. ముఠాను ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చి అప్పటికి ఏడు నెలలు కూడా కాలేదు. పడవను ఆపి, సరుకు స్వాధీనం చేసుకుని, మనుషులను కోర్టుకు అప్పగించడం అంతకుముందు వరకూ అక్కడ మామూలుగా నడిచిన పద్ధతి. ఒక పేరు ఒక జాబితాలోకి ఎక్కితే పట్టుకోవలసిన మనిషి చంపదగిన మనిషి ఎలా అవుతాడన్నది ఇప్పుడు అమెరికా న్యాయ నిపుణుల మధ్య నలుగుతున్న ప్రశ్న. దీనికి మూలాలు 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా చట్టసభ ఇచ్చిన అరవై మాటల అనుమతిలో ఉన్నాయి.

‘ఉగ్రవాది’ అని ఎవరిని అంటారు?

అమెరికా విదేశాంగ శాఖ ఏటా నివేదిక ఇచ్చేటప్పుడు వాడే చట్టపరమైన నిర్వచనం చిన్నదే. ముందే పథకం వేసుకుని, రాజకీయ ఉద్దేశంతో, యుద్ధంలో లేనివారి మీద, ప్రభుత్వాలు కాని గుంపులు గానీ రహస్య ఏజెంట్లు గానీ జరిపే హింస ఉగ్రవాదం. ఇందులో ఒక ప్రభుత్వ సైన్యం బాహాటంగా చేసే హింస రాదు. విమర్శకులు మొదట పట్టుకునేది ఈ మాటనే. బాంబు విమానం నుంచి పడినా లారీలో వచ్చినా చచ్చేవాడికి తేడా ఏమిటని వాళ్లు అడుగుతారు. సైన్యాలు చేసే తప్పులను తూచడానికి యుద్ధ నేరాల చట్టం వేరేగా ఉందనీ, రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే రెండు చట్టాలూ పలచబడిపోతాయనీ ఎదుటి పక్షం జవాబు.

నిర్వచనం కంటే ఆచరణలో ముఖ్యమైనది జాబితా. 1996లో చేసిన చట్టం కింద విదేశాంగ మంత్రి ఒక సంస్థను ‘విదేశీ ఉగ్రవాద సంస్థ’గా ప్రకటించవచ్చు. మొదటి జాబితా 1997లో వచ్చింది, అందులో ఎల్టీటీఈ కూడా ఉంది. జాబితాకెక్కిన సంస్థ సొమ్ము స్తంభిస్తుంది, దానికి ఏ రకమైన సాయం చేసినా నేరమవుతుంది, సభ్యులకు వీసా దొరకదు. అయితే సంస్థ విదేశీదై, ఉగ్రవాద చర్యలకు పాల్పడితే చాలదు. దాని వల్ల అమెరికా పౌరులకో, అమెరికా జాతీయ భద్రతకో ముప్పు ఉండాలి. ఆ చట్టం లెక్కలో జాతీయ భద్రత అంటే రక్షణ ఒక్కటే కాదు, విదేశీ సంబంధాలూ ఆర్థిక ప్రయోజనాలూ కూడా. కాబట్టి ఈ జాబితా పుట్టుకతోనే విదేశాంగ విధానపు పనిముట్టు. దాన్ని నిష్పాక్షికమైన నేరస్థుల చిట్టాగా చదవడం వల్లనే సగం ఆశ్చర్యాలు పుడతాయి.

తెలుగువారికి తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. సీపీఐ (మావోయిస్టు)ను భారత ప్రభుత్వం 2009లో చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం కింద ఉగ్రవాద సంస్థల పట్టికలో చేర్చింది. అమెరికా విదేశీ ఉగ్రవాద సంస్థల జాబితాలో ఆ పార్టీ లేదు. మన పత్రికలు సైతం చాలాకాలం వాళ్లను ‘తీవ్రవాదులు’ అనో ‘నక్సలైట్లు’ అనో రాశాయి తప్ప ‘ఉగ్రవాదులు’ అన్న మాటను వేరే సందర్భాలకు దాచుకున్నాయి. పేరు పెట్టేవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్నది పేరులోనే కనిపిస్తుంది.

జాబితాల నుంచి బయటపడే దారి కూడా ఇలాంటిదే. నెల్సన్ మండేలా పేరు అమెరికా ఉగ్రవాద నిఘా పట్టికలో 2008 దాకా ఉంది, అప్పటికి ఆయన దక్షిణాఫ్రికా అధ్యక్ష పదవి నుంచి దిగిపోయి తొమ్మిదేళ్లు. సిరియాలో అల్ ఖైదా శాఖను నడిపిన అహ్మద్ అల్ షరా తలపై అమెరికా కోటి డాలర్ల వెల పెట్టింది. 2024 డిసెంబరులో ఆయన దళాలు అసద్ ప్రభుత్వాన్ని కూల్చాక ఆ వెల ఎత్తేశారు. మరుసటి ఏడాది నవంబరులో ఆయన సిరియా అధ్యక్షుడిగా శ్వేతసౌధానికి అతిథిగా వెళ్లారు. ఇది అవకాశవాదమని కొందరూ, మారిన మనిషితో మాట్లాడడమే దౌత్యమని కొందరూ అంటున్నారు. ఆ మనిషి అల్ ఖైదాతో 2016లోనే తెగతెంపులు చేసుకున్నాడన్నది కూడా ఈ లెక్కలో కలపాలి.

మేనమామ, మేనల్లుడు: నేరమా, యుద్ధమా?

ఉగ్రవాదాన్ని నేరంగా చూస్తే పోలీసు, సాక్ష్యం, కోర్టు, శిక్ష. యుద్ధంగా చూస్తే సైన్యం, శత్రువు, నిర్బంధం, సంహారం. ఈ రెండు దారులనూ అమెరికా ఒకే కుటుంబం మీద ప్రయోగించింది.

1993 ఫిబ్రవరిలో న్యూయార్క్ ప్రపంచ వాణిజ్య కేంద్రం నేలమాళిగలో బాంబు పేలి ఆరుగురు చనిపోయారు. సూత్రధారి రంజీ యూసఫ్. 1995లో ఇస్లామాబాద్‌లో పట్టుబడ్డాడు, న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టులో మామూలు పద్ధతిలో విచారణ జరిగింది, 1998లో జీవితఖైదుకు తోడు 240 ఏళ్ల శిక్ష పడింది. అతని మేనమామ ఖాలిద్ షేక్ మహమ్మద్. 2001 సెప్టెంబరు 11 దాడుల పథకం ఇతనిదే. 2003 మార్చిలో రావల్పిండిలో దొరికాడు. అప్పటికి యుద్ధపు దారి అమల్లోకి వచ్చింది. సీఐఏ రహస్య జైళ్లలో అతన్ని 183 సార్లు నీళ్లతో ఉక్కిరిబిక్కిరి చేసి ప్రశ్నించారు, 2006లో క్యూబాలోని అమెరికా స్థావరం గ్వాంటనామోలో ఉన్న సైనిక జైలుకు తరలించారు. ఆ హింస వల్ల ఏ సాక్ష్యం చెల్లుతుందో తేలక సైనిక కమిషన్ ముందు కేసు ఏళ్ల తరబడి సాగింది. మరణశిక్ష లేకుండా నేరం ఒప్పుకునే ఒప్పందం 2024లో కుదిరితే రక్షణ మంత్రి రెండు రోజుల్లో ఉపసంహరించారు, 2025 జులైలో అప్పీలు కోర్టు కూడా దాన్ని కొట్టివేసింది. 2025 నాటికి, పట్టుబడి 22 ఏళ్లయినా, అసలు విచారణ మొదలు కాలేదు.

కోర్టు దారి మేలనేవారికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. కానీ యుద్ధపు దారి వైపున్నవారు ఇదే కథను మరోచోట ముగిస్తారు: మేనల్లుడికి శిక్ష వేసి జైలుకు పంపినంత మాత్రాన మేనమామ ఆగలేదు కదా! 1998 ఆగస్టులో నైరోబీ, దార్ ఎస్ సలామ్ రాయబార కార్యాలయాల పేలుళ్లలో 224 మంది చనిపోయారు. 2000 అక్టోబరులో ఏడెన్ రేవులో యూఎస్‌ఎస్ కోల్ నౌకపై దాడిలో 17 మంది నావికులు పోయారు. ఆ తర్వాత జంట భవనాలు. అఫ్గానిస్థాన్‌లో శిబిరం నడుపుకునే సంస్థకు సమన్లు పంపితే ఎవరు అందుకుంటారన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నలో బలముందని ఒప్పుకోవాలి.

ఒక్క వాక్యం ఎంత దూరం సాగింది

2001 సెప్టెంబరు 11న 2,977 మంది చనిపోయారు. మూడు రోజుల తర్వాత అమెరికా కాంగ్రెస్ (అక్కడ చట్టసభ పేరే అది) ఒక తీర్మానాన్ని ఆమోదించింది. సెనేట్‌లో 98–0, ప్రతినిధుల సభలో 420–1. ఆ ఒక్క వ్యతిరేక ఓటు కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీది. ఎంత విస్తారమైన అధికారం ఇస్తున్నామో ఆలోచించుకోవాలని ఆమె సభను కోరారు. తర్వాత చంపుతామని బెదిరింపులు వచ్చి, పోలీసు రక్షణ పెట్టవలసి వచ్చింది.

తీర్మానంలో అసలు పని చేసే వాక్యం ఇంగ్లీషులో 60 మాటలు. దాడులను పథకం వేసిన, ఆమోదించిన, జరిపిన, సాయపడిన దేశాల మీద, సంస్థల మీద, వ్యక్తుల మీద, వాళ్లకు ఆశ్రయమిచ్చినవారి మీద ‘అవసరమైన, తగిన’ బలాన్నంతా ప్రయోగించవచ్చని దాని సారం. ఆ వాక్యంలో అల్ ఖైదా పేరు లేదు, ఏ దేశం పేరూ లేదు, గడువు లేదు. అయినా సెప్టెంబరు 11తో ముడి మాత్రం స్పష్టంగా ఉంది. ఆ ముడి ఎలా వదులైందో చూద్దాం.

అల్ ఖైదా దాడి చేసింది, తాలిబన్ ఆశ్రయమిచ్చింది కాబట్టి అఫ్గానిస్థాన్‌లో యుద్ధం ఈ వాక్యం పరిధిలోకి సూటిగా వస్తుంది. అల్ ఖైదాతో కలిసి పోరాడే వేరే గుంపులను ‘అనుబంధ శక్తులు’ అన్నారు. ఈ పదం 60 మాటల్లో లేదు, సంప్రదాయ యుద్ధ చట్టం నుంచి తెచ్చి ప్రభుత్వ న్యాయవాదులు చేర్చారు, కోర్టులు కూడా కొంతవరకు ఒప్పుకున్నాయి. దాంతో సోమాలియాలోని అల్ షబాబ్ పరిధిలోకి వచ్చింది, 2001 నాటికి అది ఆ పేరుతో లేనే లేదు. చివరి అడుగు ఐసిస్. అది 2014 ఫిబ్రవరిలో అల్ ఖైదా నుంచి విడిపోయి దానితోనే తలపడింది. అయినా అల్ ఖైదా ఇరాక్ శాఖకు వారసురాలు గనుక పాత అనుమతి దీనికీ వర్తిస్తుందని ఒబామా ప్రభుత్వం వాదించింది. శత్రువుకు శత్రువును కూడా అదే శత్రువుగా లెక్కగట్టిన వాదన ఇది. నా మట్టుకు ఇక్కడే తర్కం తెగిపోయిందనిపిస్తుంది. కాంగ్రెస్ ఏటా నిధులిస్తూ మౌనంగా ఒప్పుకుందని సమర్థకుల జవాబు. రెండు దశాబ్దాల్లో ఈ వాక్యాన్ని ఇరవైకి పైగా దేశాల్లో చర్యలకు ఆధారంగా చూపారు.

రద్దు చేయాలన్న ప్రయత్నాలు ఇరుపక్షాల నుంచీ వచ్చాయి, నిలబడలేదు. కొత్త అనుమతికి ఓటేస్తే రేపు యుద్ధం బెడిసికొట్టినప్పుడు ఆ ఓటు మెడకు చుట్టుకుంటుంది, ఓటే లేకపోతే నింద అధ్యక్షుడిది.

‘వాళ్లు మనల్ని ఎందుకు ద్వేషిస్తున్నారు?’

దాడులు జరిగిన తొమ్మిదో రోజున అధ్యక్షుడు బుష్ కాంగ్రెస్ ముందు ఈ ప్రశ్న తానే వేసి, మన స్వేచ్ఛలను ద్వేషిస్తున్నారని జవాబు చెప్పారు. 2004లో రక్షణ శాఖ సలహా సంఘమైన డిఫెన్స్ సైన్స్ బోర్డు దానికి దాదాపు ఎదురు జవాబు రాసింది: ముస్లింలు మన స్వేచ్ఛను కాదు, మన విధానాలను ద్వేషిస్తున్నారని.

బిన్ లాడెన్ 1996, 1998 ప్రకటనల్లో చెప్పుకున్న కారణాలు విధానాలే: సౌదీ అరేబియాలో అమెరికా సైన్యం, ఇరాక్‌పై ఆంక్షలు, ఇజ్రాయెల్‌కు మద్దతు. 1980 నుంచి 2003 దాకా జరిగిన ఆత్మాహుతి దాడులను లెక్కలు కట్టిన షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ పేప్, మతం కంటే విదేశీ సైన్యపు ఆక్రమణే ప్రధాన కారణమని వాదించారు. మతంతో పెద్దగా పనిలేని ఎల్టీటీఈ ఆయనకు ముఖ్యమైన సాక్ష్యం. ఆ వాదనకు గట్టి అభ్యంతరాలే వచ్చాయి. విదేశీ సైన్యం ఉన్న చోట్లన్నిటా ఆత్మాహుతి దళాలు పుట్టలేదు, ఇరాక్‌లో చచ్చిపోయినవారిలో అత్యధికులు సైనికులు కారు, షియా పౌరులు. విధానాలే కారణమైతే సంతలో కూరగాయలు కొనుక్కునేవారు ఎందుకు లక్ష్యమయ్యారు?

వెనక్కి తగ్గడమే అసలు తప్పన్న వాదన కూడా ఉంది. 1983లో బీరూట్ బ్యారక్‌లపై దాడిలో 241 మంది అమెరికా సైనికులు పోతే, కొన్ని నెలల్లో రేగన్ సేనలను వెనక్కి పిలిచారు. 1993లో మొగదిషులో 18 మంది పోయాక క్లింటన్ సోమాలియా వదిలారు. ఈ రెంటినీ బిన్ లాడెన్ అమెరికా పిరికితనానికి రుజువులుగా చెప్పుకున్నాడు. అంటే అతని నోట అమెరికా ఉనికి ఒక కారణం, అమెరికా నిష్క్రమణ ఒక ప్రోత్సాహం. ఏ పక్షానికి కావలసిన మాట ఆ పక్షానికి దొరుకుతుంది.

ఇక ‘పాలు పోసి పెంచిన పామే కాటేసింది’ అన్న మాట మన చర్చల్లో తరచుగా వినిపిస్తుంది. 1980లలో సోవియట్ సేనలతో పోరాడే అఫ్గాన్ ముజాహిదీన్‌కు అమెరికా పాకిస్థాన్ ఐఎస్‌ఐ ద్వారా డబ్బూ, 1986 నుంచి స్టింగర్ క్షిపణులూ ఇచ్చింది. ఇది కాదనలేని చరిత్ర. కానీ బిన్ లాడెన్‌కు సీఐఏ నేరుగా సాయం చేసిందనడానికి ఆధారాలు దొరకలేదు. అరబ్ యోధులకు సొంత నిధుల దారులు ఉండేవని, సెప్టెంబరు 11 దాడులపై విచారణ జరిపిన 9/11 కమిషన్ తేల్చింది. అమెరికా పెంచింది ఆ మనిషిని కాదు, అతను ఎదగడానికి వీలైన రంగాన్ని అంటే సత్యానికి దగ్గరగా ఉంటుంది.

ఇక్కడ ఒక పొరపాటు పదేపదే జరుగుతుంది. ఒక దాడికి కారణాలు వెతికితే దాన్ని సమర్థించినట్టేనని ఒక వర్గం మండిపడుతుంది, దాడిని ఖండిస్తే కారణాలు లేవన్నట్టేనని మరో వర్గం అర్థం తీస్తుంది. ఇల్లు ఎలా అంటుకుందో విచారించడం నిప్పు పెట్టినవాణ్ని వదిలేయడం కాదు. ఇక ఆ ప్రశ్నలో ‘వాళ్లు’ అన్న మాట ఎవరిని సూచిస్తుందో కూడా నిలకడగా లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలోని ఒక బార్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్లను ఇరానీయులనుకుని ఒకడు కాల్చాడు, ఒకరు చనిపోయారు.

ఇరాక్: ఒకే వరుస సంఘటనలు, రెండు కథలు

ఐసిస్ ఎవరి తప్పు? ఈ ఒక్క ప్రశ్న మీద అమెరికాలో ఎన్నికలే నడిచాయి.

మొదటి కథ 2003 మార్చిలో మొదలవుతుంది. సామూహిక విధ్వంస ఆయుధాలున్నాయని ఇరాక్ మీదికి వెళ్లారు, ఆయుధాలు దొరకలేదు. అల్ ఖైదాతో సద్దాంకు కార్యాచరణ సంబంధం ఉందనడానికి 9/11 కమిషన్‌కు ఆధారం కనిపించలేదు. మే నెలలో ఇరాక్‌కు అమెరికా నియమించిన పాలకుడు పాల్ బ్రెమర్ ఒక్క ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశారు. తుపాకీ పట్టడం తెలిసిన లక్షల మంది జీతం లేకుండా ఇళ్లకు వెళ్లారు. ఇరాక్‌లో పోరాడుతున్న జోర్డాన్ జిహాదీ జర్కావీ 2004లో తన గుంపును అల్ ఖైదాలో కలిపాడు. తర్వాత ఐసిస్ దళాలను నడిపిన వారిలో సద్దాం నాటి అధికారులు చాలామంది. యుద్ధమే లేకపోతే ఇదంతా ఉండేది కాదంటుంది ఈ కథ.

రెండో కథ 2007లో మొదలవుతుంది. అదనపు దళాలు వచ్చాయి, అన్బార్‌లోని సున్నీ తెగలు అల్ ఖైదాకు ఎదురుతిరిగాయి, హింస బాగా తగ్గింది. 2011 డిసెంబరులో అమెరికా సేనలు వెళ్లిపోయాయి. ప్రధాని మాలికీ సున్నీలను దూరం చేశారు. 2014 జూన్‌లో మోసుల్ నగరం ఐసిస్ చేతికి చిక్కింది. కొంత సైన్యం ఉంచి ఉంటే ఇలా జరిగేది కాదంటుంది ఈ కథ. అయితే 2011 గడువు పెట్టిన ఒప్పందం మీద 2008లో సంతకం చేసింది బుష్ ప్రభుత్వమేనన్న వాస్తవం ఈ కథకు కాస్త ఇబ్బంది. పక్కనే సిరియా అంతర్యుద్ధం ఐసిస్‌కు చోటు ఇచ్చిందన్నది రెండు కథలకూ ఇబ్బంది.

విడదీసి చూస్తే మొదటి కథ చెప్పేది విత్తనం ఎక్కడిదో, రెండోది చెప్పేది అది మళ్లీ మొలకెత్తడానికి తేమ ఎక్కడిదో. మొదటిది నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు. ఎన్నికల వేదిక మీద మాత్రం ఒకదాన్నే ఎంచుకోవలసి వస్తుంది.

కాబూల్‌లో తెల్ల కారు

2021 ఆగస్టు 26న కాబూల్ విమానాశ్రయం గేటు దగ్గర ఆత్మాహుతి దాడిలో 13 మంది అమెరికా సైనికులు, సుమారు 170 మంది అఫ్గాన్లు చనిపోయారు. మూడు రోజుల తర్వాత డ్రోన్ ఆపరేటర్లు ఒక తెల్ల టయోటా కరోలాను దాదాపు ఎనిమిది గంటలు వెంబడించారు. డ్రైవరు ఆగిన చోట్లు, కారులోకి ఎక్కించిన డబ్బాలు అనుమానం పుట్టించాయి. కారు ఇంటి ఆవరణలోకి వెళ్లగానే క్షిపణి వదిలారు. ఇది న్యాయమైన దాడేనని ఉన్నత సైనికాధికారి మొదట అన్నారు. సెప్టెంబరు 17న పెంటగాన్ తప్పు ఒప్పుకుంది. డ్రైవరు అమెరికాకే చెందిన ఒక సహాయ సంస్థ ఉద్యోగి, డబ్బాల్లో ఉన్నవి నీళ్లు, చనిపోయిన పదిమందిలో ఏడుగురు పిల్లలు. ఎవరి మీదా క్రమశిక్షణ చర్య తీసుకోలేదు.

పదకొండు నెలల తర్వాత, 2022 జులై 31న, అదే నగరంలో మేడ బాల్కనీలో నిలబడిన అల్ ఖైదా అధినేత అల్ జవాహిరీని రెండు క్షిపణులు చంపాయి. ఇతర పౌరులెవరికీ హాని జరగలేదని అమెరికా చెప్పింది. దూరం నుంచి కొట్టే విధానం రెండు చోట్లా ఒకటే. నెలల తరబడి ఒకే ఇంటిని గమనించడం ఒకటి, మరో దాడి జరుగుతుందన్న భయంతో గంటల్లో నిర్ణయించడం మరొకటి. డ్రోన్ కచ్చితమైన ఆయుధం అన్నప్పుడు కచ్చితత్వం క్షిపణిది, సమాచారానిది కాదు.

ఈ అంతరమే లెక్కల్లో కూడా కనబడుతుంది. 2009 నుంచి 2015 దాకా యుద్ధ రంగాల బయట 473 దాడులు జరిగాయనీ, 64 నుంచి 116 మంది పౌరులు చనిపోయారనీ 2016లో అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. స్వచ్ఛంద సంస్థల అంచనాలు 200 నుంచి 900 పైచిలుకు దాకా ఉన్నాయని ఆ పత్రమే ఒప్పుకుంది. యుద్ధం చేసే వయసులో ఉన్న మగవాడు చనిపోతే అతన్ని ఏ గడిలో రాయాలన్న దగ్గరే తేడా మొదలవుతుంది.

ఫలించిందా అంటే

2003 అక్టోబరులో రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ తన సహచరులకు ఒక అంతర్గత నోటు రాశారు. మనం రోజూ చంపుతున్న, పట్టుకుంటున్న, మానిపిస్తున్న ఉగ్రవాదుల కంటే కొత్తగా చేరుతున్నవారు ఎక్కువా తక్కువా అన్నది ఆ నోటులోని ప్రశ్న. ఇరాక్ యుద్ధానికి కర్తల్లో ఒకరు, ఆరు నెలలు తిరగగానే, కొలబద్ద మన దగ్గర లేదని రాసుకున్నారు.

ఆ కొలబద్ద ఇప్పటికీ లేదు. 2001 తర్వాత అమెరికా గడ్డ మీద ఆ స్థాయి దాడి మళ్లీ జరగలేదు. ఇన్నేళ్లలో అక్కడ జిహాదీ దాడుల్లో చనిపోయినవారు 200 లోపే. యుద్ధం వల్లనే అంత తక్కువని ఒక పక్షం, ముప్పే అంత పెద్దది కాదని మరో పక్షం. జరగని దాడిని ఎవరూ లెక్కపెట్టలేరు గనుక రెండింటినీ రుజువు చేయలేం. 2016లో ఓర్లాండోలో 49 మందిని, 2025 కొత్త సంవత్సరం రోజున న్యూ ఆర్లియన్స్‌లో 14 మందిని చంపినవారు ఇద్దరూ అమెరికాలో పుట్టినవారే. కాబట్టి దూరదేశపు శిబిరాలను కూల్చడం ఎంతవరకు పనికొస్తుందన్నది కూడా తేలని విషయమే. ఖర్చు మాత్రం లెక్కకు అందుతుంది: బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో వేసిన అంచనా సుమారు 8 లక్షల కోట్ల డాలర్లు, ప్రత్యక్ష హింసలోనే దాదాపు 9 లక్షల ప్రాణాలు.

మళ్లీ పడవ దగ్గరికి

కరేబియన్ దాడులకు ట్రంప్ ప్రభుత్వం ఆ అరవై మాటలను ఆధారంగా చూపలేదు. సెప్టెంబరు 11తో ఆ ముఠాలను ముడిపెట్టడం ఎంత సాగదీసినా కుదరదు. బదులుగా, మత్తుపదార్థాల ముఠాలతో అమెరికా ‘సాయుధ సంఘర్షణ’లో ఉందని కాంగ్రెస్‌కు తెలియజేసి, సైన్యాధ్యక్షుడిగా అధ్యక్షుడికి రాజ్యాంగం ఇచ్చిన అధికారాన్ని చూపింది. ఉగ్రవాద సంస్థగా ప్రకటిస్తే ఆస్తులు స్తంభింపజేయవచ్చు తప్ప, సైనిక బలం వాడే అనుమతి 1996 చట్టంలో ఎక్కడా లేదని విమర్శకులు గుర్తుచేస్తున్నారు. ఏటా వేలమంది అమెరికన్లు మత్తుపదార్థాల వల్ల చనిపోతుంటే సరఫరాదారుణ్ని సాయుధ శత్రువుగా చూడడంలో తప్పేముందని సమర్థకులు అడుగుతున్నారు. ఈ దాడులను ఆపాలన్న తీర్మానం 2025 అక్టోబరు 8న సెనేట్ ముందుకు వచ్చి 48–51తో వీగిపోయింది. దాడులకు అనుమతి ఇచ్చే తీర్మానాన్ని మాత్రం అప్పటికి ఏ సభా ఆమోదించలేదు.